బట్టతల మందు మొటిమలకు పనిచేస్తుందా?

మగవారి బట్టతల వెనకా, యుక్తవయసు మొటిమల వెనకా ఉన్న హార్మోన్ ఒకటే. టెస్టోస్టిరాన్‌ను 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ డీహెచ్‌టీ అనే ఆ హార్మోన్‌గా మారుస్తుంది. నడినెత్తిన అది వెంట్రుకల కుదుళ్లను కుదించేస్తుంది. ముఖం మీద తైలగ్రంథులను రెచ్చగొట్టి జిడ్డు పెంచుతుంది. తలకు రాసే మందు ముఖానికీ పనికొస్తుందన్న ఆలోచన ఇక్కడే పుట్టింది. ఆలోచన తెలివిమాలినదేమీ కాదు, కానీ ఏ మందు అన్నదే అసలు సంగతి.

జుట్టు రాలుతోందంటే సిద్దిపేటలోనైనా మెడికల్ షాపువారు ముందుగా చూపేది మినాక్సిడిల్. హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ దీన్నే మింటాప్ పేరుతో అమ్ముతోంది. రక్తపోటు మాత్రగా మొదలైన ఈ మందు డీహెచ్‌టీ జోలికి పోదు, కాబట్టి మొటిమలు తగ్గవు. ద్రావణంలోని ఆల్కహాల్, ప్రొపిలీన్ గ్లైకాల్ వల్ల ముఖం మండి పొడిబారవచ్చు. చెంపల మీద నూగు కూడా మొలవవచ్చు. ఆడపిల్లలకు అది మొటిమలకన్నా పెద్ద బాధ.

బట్టతలకే వాడే ఫినాస్టరైడ్ మాత్రం నేరుగా ఎంజైమ్‌నే అడ్డుకుంటుంది. అయినా మొటిమలపై ఫలితం అంతంతే. ఆ ఎంజైమ్‌లో ప్రధానంగా రెండు రకాలున్నాయి. కుదుళ్లలో ముఖ్యమైనది రెండో రకం, తైలగ్రంథుల్లో మొదటి రకం. ఫినాస్టరైడ్ ప్రధానంగా ఆపేది రెండోదాన్ని. డొమినికన్ రిపబ్లిక్‌లో ఈ రెండో రకం పుట్టుకతోనే లోపించిన కుటుంబాలను జూలియాన్ ఇంపెరాటో-మెక్‌గిన్లీ బృందం 1974లో వెల్లడించింది. ఆ లోపమున్న మగవారికి బట్టతల రాదు, గడ్డం పలచన. ముఖంలో జిడ్డు మాత్రం అందరికీ ఉన్నంతే. ప్రయోగశాలలో చేయలేని పరీక్షను ప్రకృతే చేసి చూపింది.

ఈ ఆలోచనను నిజం చేసిన మందు క్లాస్కోటెరోన్. అది ఎంజైమ్‌ను వదిలి, డీహెచ్‌టీ వచ్చి అతుక్కునే గ్రాహకాన్నే ముందుగా ఆక్రమిస్తుంది. 1 శాతం క్రీముగా పన్నెండేళ్లు నిండినవారి మొటిమలకు అమెరికా 2020 ఆగస్టులో అనుమతించింది. బట్టతలకు ఇంతకన్నా గాఢమైన ద్రావణంగా దీన్నే పరీక్షించారు. మొటిమలపై 1,440 మందితో 12 వారాలు సాగిన రెండు పరీక్షల్లో 18 నుంచి 20 శాతం మందికి చికిత్స ఫలించింది. మందులేని క్రీము రాసినవారిలో అది 6.5 నుంచి 9 శాతమే. మేలు నిజమే, అద్భుతం కాదు.

సిద్దిపేట ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి లాంటి చోట్ల చర్మవైద్యులు మామూలు మొటిమలకు ముందుగా రాసేవి అడపాలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్‌లే. గుణం కనబడటానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఈలోగా ఓపిక నశించి, రంగు తెచ్చే క్రీమని స్టెరాయిడ్ ట్యూబు కొని రాస్తే, చర్మం పలచబడి మొటిమలు ఇంకా ముదురుతాయి.