ట్రాక్టరు టైరుకు గాలి

దుక్కి దున్నేటప్పుడు ట్రాక్టరు వెనక టైర్లలో గాలి తక్కువ ఉండాలి. సుమారు 12 పౌండ్లు. అప్పుడు టైరు నేలను పట్టుకుంటుంది, జారదు. డీజిలు కలిసొస్తుంది. అదే గాలితో వడ్ల బస్తాలు వేసుకుని రోడ్డెక్కితే టైరు వేడెక్కి పాడవుతుంది. కొత్త టైరంటే మాటలా! రోడ్డెక్కే ముందు గాలి పెంచాలి. ఎంత పెంచాలో ట్రాక్టరు పుస్తకంలో ఉంటుంది.

పొలంలో గాలి కొట్టే షాపు ఎక్కడుంటుంది? అందుకే బ్యాటరీతో నడిచే గాలి మిషను వెంట ఉంచుకోవాలి. కొనేటప్పుడు పెట్టె మీద 150 పౌండ్లు అని పెద్ద అంకెలు కనబడతాయి. అవి చూసి మోసపోవద్దు. మనకు అంత అక్కర్లేదు. నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి ఇస్తుందో చదవండి. స్కూటరుకు కొట్టే చిన్న మిషను ఇంత పెద్ద టైరుకు చాలదు.

ఎర్ర క్లిప్పు బ్యాటరీ ప్లస్‌కు, నల్లది మైనస్‌కు తగిలించాలి. ఇంజను నడుస్తూనే ఉండాలి, లేకుంటే బ్యాటరీ దిగిపోతుంది. మిషను వేడెక్కితే ఆపి, చల్లారాక మళ్లీ కొట్టండి.