ఇంటిపని గడువును, ఇంటర్నెట్ అంతరాయమును

2020వ సంవత్సరము మార్చి మాసమున కరోనా వ్యాధి కారణముగా పాఠశాలలు మూతపడినవి. ఆ యేడు సెప్టెంబరు 1వ తేదీనుండి రాష్ట్ర ప్రభుత్వము దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్ల ద్వారా పాఠములు చెప్పింపసాగెను. నగరమందలి అనేక పాఠశాలలు ఫోనుల ద్వారా తరగతులు నడపినవి. పాఠము వినుట యెట్లో జరిగిపోయెను. చిక్కంతయు ఇంటిపని పంపుటయందే వచ్చినది. 2021 సెప్టెంబరులో బడులు మరల తెరువబడినను, వానసెలవులలో ఇంటిపని నేటికిని ఫోనుమీదనే వచ్చుచున్నది గనుక ఈ విషయము పాతబడలేదు.

మన విద్యార్థులలో పెక్కుమంది చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు సందులలో కాపురముండువారు. “పాఠము వీడియో చక్కగా కనబడినది గదా, ఇంటిపని మాత్రమేల పోలేదు?” అని తల్లిదండ్రులు పిల్లలను గద్దించుట నేను పలుమారులు వింటిని. ప్రశ్న న్యాయమైనదే; దానికి జవాబును కలదు. టవరునుండి ఫోనునకు దిగివచ్చు దారి వెడల్పైనది. ఫోనునుండి టవరునకు ఎక్కిపోవు దారి ఇరుకైనది. జనులు చూచునది హెచ్చు, పంపునది తక్కువ గనుక మొబైలు నెట్‌వర్కులను అట్లే యేర్పరచిరి. పైగా ఒక టవరు క్రిందనున్న ఫోనులన్నియు ఆ దారినే పంచుకొనవలెను. అశోక్‌నగరులో పోటీపరీక్షలకు చదువు యువకులతో హాస్టళ్లు క్రిక్కిరిసియుండును. రాత్రి తొమ్మిది గంటలకు అచట ఎన్ని ఫోనులు మేలుకొనియుండునో ఊహింపుడు.

కొంచెము లెక్క వేయుదము. నోటుపుస్తకపు పుట నొకదానిని ఫోటో తీసిన నది 4 మెగాబైట్లుండవచ్చును; అనగా 32 మెగాబిట్లు. పంపు వేగము సెకనుకు అర మెగాబిట్టు మాత్రమే దొరకినచో ఒక్క పుటకు 64 సెకనులు, పది పుటలకు దాదాపు పదకొండు నిమిషములు పట్టును. నడుమ సిగ్నలు తెగినచో పలుమారు మొదటినుండియే పంపవలసివచ్చును. అదే ఫోటోను 200 కిలోబైట్లకు కుదించినచో పది పుటలును అరనిమిషములో పోవును. అక్షరములు చదువుటకు అంతమాత్రము చాలును. ఈ యుపాయము తెలియక ఎందరు పిల్లలు రాత్రులు కన్నీరు పెట్టిరో!

పెద్దలకును ఈ యిక్కట్టు తప్పదు. 2022లో 503 గ్రూపు-1 ఉద్యోగములకు దరఖాస్తు గడువు మే 31గా నుండి, పిమ్మట జూన్ 4 వరకు పొడిగింపబడినది. ఆఖరుదినమున అందరును ఒక్కసారిగా తలుపుతట్టిన సర్వరు ఎట్లు మొరాయించునో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయములో చదువుకొను అభ్యర్థుల నడిగిన చెప్పుదురు. పట్టభద్రులకే యిట్లుండగా, ఏడవతరగతి బాలుని “ముందే పంపవలదా?” అని యొక్కమాటతో త్రోసివేయుట తగునా?

కొన్ని అంతరాయములు ఎవ్వరి జాగ్రత్తకును లొంగవు. 2020 అక్టోబరు 13వ తేదీన కురిసిన కుండపోతకు నగరములో పల్లపు పేటలు నీటమునిగినవి. హుస్సేన్‌సాగరు మిగులునీటిని గొనిపోవు నాలా అశోక్‌నగరు చెంతనే పారును. కరెంటు పోయిన యింట వైఫై రౌటరు పనిచేయదు. ఫోను ఛార్జింగును నిలువదు.

అయినను గూగుల్ క్లాస్‌రూమునకు కారణముతో పనిలేదు. గడువు దాటిన క్షణమున “లేట్” అని వ్రాసివేయును. వానచేత ఆలస్యమైనవానిని, ఆటచేత ఆలస్యమైనవానిని అది వేరుపరుపజాలదు. ఆ వేరుపరుచు పని ఉపాధ్యాయునిది. మా తరగతిలో నొక బాలిక యింటిపని వరుసగా ఆలస్యమగుచుండెను. విచారింపగా, ఇంటిలో ఒక్కటే ఫోను. తండ్రి అపార్టుమెంటు వాచ్‌మన్, రాత్రి కాపలాకు పోవునపుడు దానిని వెంట తీసికొనిపోవును. గడువేమో రాత్రి 11 గంటల 59 నిమిషములు! ఆమె లెక్కలు సాయంకాలమునకే పూర్తియైయుండెను. ఇట్టివారికి మార్కులు తగ్గించినచో మనము శిక్షించునది సోమరితనమును గాదు, పేదరికమును. అర్ధరాత్రి గడువు యంత్రమునకు అనుకూలమే గాని గృహస్థులకు గాదు; మరునాటి ఉదయము పదిగంటలు మేలని నా యభిప్రాయము.

“నెట్ లేదు” అనుమాటను సాకుగా వాడు బాలురును లేకపోలేదు. వారిని పట్టుట కష్టము గాదు. మరునాడు నోటుపుస్తకము తెప్పించి, మూడవలెక్క ఎట్లు చేసితివని యడిగిన చాలును. చేసినవాడు చెప్పును, చేయనివాడు గోడవైపు చూచును.

కావున విద్యార్థులు మొదట పుస్తకములో తేదీవేసి పని ముగింపవలెను. పిదపనే ఫోను ముట్టవలెను. వెలుతురుండగనే ఫోటోలు తీసి కుదించి పంపుడు. పోకున్నచో, తెరమీద కనబడిన తప్పును స్క్రీన్‌షాట్ తీసియుంచుడు. గడువునకు ముందే ఉపాధ్యాయునకు ఒక ఎస్సెమ్మెస్ పంపుడు. ఇంటర్నెట్ లేకున్నను సిగ్నలున్నచో అది పోవును. “ఆరు లెక్కలు పూర్తియైనవి, పంపుటకు వీలుపడలేదు, రేపు పుస్తకము తెచ్చెదను” అన్న చాలును. ఫోనే లేనివారు ఇరుగుపొరుగువారి ఫోనునుండి తల్లిచేతగాని తండ్రిచేతగాని ఆ మాటయే చెప్పింపవచ్చును. బడి తెరచిన ఉదయమున పుస్తకమును తరగతి ఉపాధ్యాయుని చేతికే ఈయవచ్చును.