డాక్టరు చదువు ఇక్కడా, విదేశంలోనా?

నీట్ ఫలితాలు రాగానే మన సొసైటీకి దరఖాస్తులు మొదలవుతాయి. కిర్గిజ్‌స్తాన్‌లోనో ఉజ్బెకిస్తాన్‌లోనో సీటు ఖాయమైంది, మొదటి ఏడాది ఫీజు, టికెట్టు ఇప్పించండి అంటారు. ఇచ్చేముందు దాతలు కొన్ని సంగతులు అడగాలి.

ఇక్కడి దారులన్నీ చూశారా? రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. షేక్‌లకు వర్తిస్తుంది, సయ్యద్, పఠాన్‌లకు వర్తించదు. దూదేకులవారు బీసీ-బిలోకి వస్తారు. కౌన్సెలింగ్ నాటికి సర్టిఫికెట్ చేతిలో లేకపోతే ఆ హక్కు ఉండీ లేనట్టే. కొద్ది మార్కుల్లో సీటు పోయిన పిల్లలకైతే మరో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగే నయమని నా అభిప్రాయం.

విదేశంలో ఫీజు ఇక్కడి మేనేజ్‌మెంట్ సీటుకన్నా తక్కువే, కాదనను. కానీ 2021 నిబంధనల ప్రకారం అక్కడ కనీసం 54 నెలల కోర్సు ఇంగ్లీషులో చదవాలి, ఆపైన 12 నెలల ఇంటర్న్‌షిప్ అక్కడే చేయాలి. తిరిగొచ్చాక ఎఫ్‌ఎంజీఈలో 300కు 150 మార్కులు రావాలి. రాసేవారిలో ఎక్కువమంది తప్పుతున్నది ఇక్కడే. గట్టెక్కినా ఇక్కడ మళ్లీ ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంటుంది. ఏజెంట్ల బ్రోచరులో హలాల్ భోజనం మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఈ పరీక్ష మాట మాత్రం కనబడదు!

వెళ్లేటప్పుడు సాయం చేసేవారు దొరుకుతారు. తిరిగొచ్చి హైదరాబాదు హాస్టల్లో ఉండి పరీక్షకు చదివే రోజుల్లో ఎవరూ ఉండరు. అందుకే టికెట్టుకిచ్చే జకాత్ సొమ్ములో కొంత ఆ రోజులకు కేటాయించమని మనవి.