అప్పుల మహలు

కవరైపేట్టైలో లోకల్ రైలెక్కి, చెన్నై సెంట్రల్‌లో దిగి, పార్క్ టౌన్‌లో బండి మారితే అక్కణ్ణుంచి రెండో స్టేషనే చెపాక్. క్రికెట్ కోసం వచ్చే జనం స్టేడియం గేటు వెతుక్కుంటూ పోతారు. దాని పక్కనే ఉన్న ఆర్కాటు నవాబుల మహలును చూసేవాళ్లు తక్కువ.

కాలువ ఒడ్డు మహలే గానీ, మహలు ముందు, కాలువ తర్వాత. నవాబు మహమ్మదలీ వాలాజా 1768లో ఇక్కడ కాపురం పెట్టాడు. కూవం నుంచి అడయారు దాకా బకింగ్‌హామ్ కాలువను తవ్వింది 1877-78 కరువులో, కూలి కోసం వచ్చిన జనం.

మహలు కట్టింది ఇంజనీరు పాల్ బెన్‌ఫీల్డ్ అంటారు. నవాబుకు అప్పులిచ్చిన దొరల్లో పేరుమోసినవాడూ ఆయనే. ఆ అప్పులకు హామీ జిల్లాల శిస్తు. నెల్లూరు సీమ అప్పట్లో నవాబు ఏలుబడిలోదే. వెంకటగిరి, కాళహస్తి జమీందార్లు పేష్కషు (కప్పం) కట్టిందీ ఆయనకే. పంట ఇంకా చేలో ఉండగానే దాని మీద రాబడి ఎవరో దొర పద్దులో జమ అయిపోయేది. తంజావూరు శిస్తు మీద బెన్‌ఫీల్డ్ పెట్టిన దావా ఎంత ముదిరిందంటే, దాన్ని కాదన్న మద్రాసు గవర్నరు పిగట్‌ను 1776లో సొంత కౌన్సిలు వాళ్లే నిర్బంధించారు. మరుసటి ఏడు ఆయన నిర్బంధంలోనే పోయాడు. 1785లో ఎడ్మండ్ బర్క్ ఈ అప్పుల భాగోతాన్ని బ్రిటిష్ పార్లమెంటులో ఎండగట్టాడు. తర్వాత కమిషనర్లు కూర్చుని లెక్క తేలిస్తే, 3 కోట్ల పౌండ్లకు పైగా దావాల్లో నిలబడ్డవి సుమారు 27 లక్షలు. తక్కినదంతా ఏమిటో వేరే చెప్పాలా!

ఈస్టిండియా కంపెనీ 1801లో రాజ్యం తీసుకుంది, మహలు మాత్రం నవాబులకే వదిలింది. 1855లో చివరి నవాబు గులాం గౌస్ ఖాన్ వారసుడు లేకుండా పోవడంతో అదీ దక్కలేదు. అప్పులు తీర్చాలంటూ వేలం వేశారు. కొన్నదెవరు? మద్రాసు ప్రభుత్వమే! నవాబు కుటుంబానికి ఆర్కాటు ప్రిన్స్ బిరుదు, రాయపేటలో అమీర్ మహల్ దక్కాయి.

ఆ మీదట ఇది కచేరీల కొంప. వాస్తుశిల్పి రాబర్ట్ చిజమ్ ఇందులోని కలస్ మహలుకూ హుమాయూన్ మహలుకూ మధ్య గోపురం లేపాడు. ఇంజనీరింగ్ కాలేజీ 1920లో గిండీకి మారేదాకా ఇక్కడే నడిచింది. రెవెన్యూ బోర్డూ ఇక్కడే కొలువుతీరింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా కోస్తా, సీమ రైతుల శిస్తు తగాదాలకు చివరి మెట్టు చెపాకే. దొరతనం మారినా, తెలుగు పొలం లెక్క ఈ గోడల్ని దాటి పోలేదు.

2012 జనవరిలో కలస్ మహలు తగలబడింది. ప్రభుత్వం బాగుచేయించాక జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం అందులో చేరింది. దాని పరిధిలో ఆంధ్ర, తెలంగాణ కూడా ఉన్నాయి. రాయలసీమ ఎత్తిపోతల పథకం మీద వ్యాజ్యం వచ్చిందీ ఈ ధర్మాసనం ముందుకే; పర్యావరణ అనుమతి లేకుండా పని సాగరాదని 2020లో తీర్పిచ్చింది.