పేక లేని బట్టలో ట్విల్ గీతలు

మగ్గం మీద నేసే బట్టకు నిలువు పోగులైన పడుగూ, అడ్డపోగులైన పేకా రెండూ కావాలి; స్ప్రాంగ్ అనే ప్రాచీన విద్యలో పేకే ఉండదు. చట్రానికి రెండు కొసలా బిగించిన పడుగు పోగులను పై కొసన పెనవేస్తూ పోతే, ప్రతి వరుసకూ ప్రతిబింబం కింది కొసన దానంతటదే ఏర్పడుతుంది. డెన్మార్క్‌లో బోరుమ్ ఎస్‌హోయ్ వద్ద కంచు యుగపు సమాధిలో దొరికిన స్త్రీ జుట్టువల, పంజాబ్ ప్రాంతంలో పైజామాలకు కట్టిన సంప్రదాయ నాడాలు ఈ కోవలోవే.

1974లో వెలువడిన తన గ్రంథంలో పీటర్ కాలింగ్‌వుడ్ ఈ విద్యలోని నిర్మాణాలను మూడుగా విభజించాడు. మొదటిదానిలో పోగు పక్కపోగును మెలిపెట్టుకుని దాదాపు తన చోటనే నిలుస్తుంది. రెండవదైన అల్లికలో జడపాయలాగా పోగు ఇతర పోగుల పైనా కిందా దూరుతూ ఏటవాలుగా అంచు దాకా సాగి, అక్కడ మళ్ళి తిరిగివస్తుంది. మూడవది పోగుల జతలను ఒకదాని చుట్టూ ఒకటి తిప్పే పద్ధతి. ట్విల్ అల్లికకు చోటిచ్చేది ఈ రెండవదే.

రెండు పోగుల పైన, రెండింటి కింద సాగే ట్విల్ మగ్గంపై నేసినప్పుడు జీన్స్ బట్టలో కనిపించేలాంటి ఏటవాలు గీతలనిస్తుంది. చేతి అల్లికలో పోగులే ఏటవాలుగా నడుస్తాయి కనుక, ఆ గీతలు నిటారుగా నిలబడతాయి లేదా అడ్డంగా పడుకుంటాయి. ఈ తేడా మనసుకెక్కితే సగం విద్య వచ్చినట్టే. అది మాటలతో కాక వేళ్ళతోనే త్వరగా తెలుస్తుంది.

ఎనిమిది లావుపాటి పోగులను ఒక కొసన ముడివేసి, ఎడమ అంచు పోగును రెండింటి పైన, రెండింటి కింద, మళ్ళీ రెండింటి పైన, చివరిదాని కిందగా కుడి అంచుకు చేర్చాలి. ఆపై ఎడమ అంచుకు వచ్చిన ప్రతి కొత్త పోగునూ అదే లెక్కతో నడిపితే గీతలు అంచుకు సమాంతరంగా నిలుస్తాయి. ఒక పోగును ‘పైన రెండు’తో, తరువాతిదాన్ని ‘కింద రెండు’తో మొదలుపెడుతూ పోతే అవే గీతలు అడ్డంగా తిరుగుతాయి. అంచు దగ్గర మొదటి అడుగు మారినంత మాత్రాన బట్ట రూపమంతా మారిపోవడం ఈ విద్యలోని నిజమైన అందం.

ఈ లెక్క చేతికి అలవడ్డాకే చట్రం వద్దకు వెళ్ళడం మేలు. అక్కడ పోగుల కొసలు వదులుగా ఉండవు కనుక చిక్కులు పడవు గానీ, పైన తప్పిన లెక్క కింద కూడా తప్పుతుంది, విప్పితే రెండువైపులా విప్పాలి. అందుకే పూర్తయిన వరుసలు జారిపోకుండా సన్నని పుల్లలు దూర్చి ఉంచుతారు. రెండు భాగాలూ నడుమ కలిసేచోట పోగులను విడి దారంతో బంధిస్తారు, లేదా అక్కడే కోసి, కోసిన కొసలను కుచ్చులుగా ముడివేసి, ఒకదానికొకటి ప్రతిబింబంగా ఉండే రెండు పట్టీలు చేసుకుంటారు.