అవిల్‌పై భక్తి, అడ్రినలిన్‌పై భయము

రామగుండము, గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ వంటి సింగరేణి బొగ్గుపట్టణములలో, పల్లీపట్టి తిన్నందుననో, రొయ్యలకూర రుచి చూచినందుననో, కందిరీగ కుట్టినందుననో పిల్లవానికి ఒడలెల్ల దద్దుర్లు లేచి, పెదవులు వాచి, గొంతు బొంగురుపోవుచుండగా, ఇంటివారు మొదట పరుగెత్తునది వీధిచివరి ఆర్.ఎం.పి. కడకు; అడుగునది ఒక అవిల్ సూది, దానికి తోడుగా ఒక డెక్సా సూది. ఇంతవరకైనను క్షమింపవచ్చును గాని, పెద్దాసుపత్రికి చేరిన పిమ్మట వైద్యుడు అడ్రినలిన్ పేరెత్తగనే, "గది గుండె ఆగినోళ్లకిచ్చే సూదంట గద సారూ, పోరనికి వద్దు" అని చేయడ్డము పెట్టుట యున్నదే, అది ప్రాణముతో చెలగాటము.

ఈ భక్తిని, ఈ భయమును కొంచెము పరిశీలింతము. అలెర్జీ తీవ్రరూపము దాల్చినపుడు దేహములోని కొన్ని కణములు హిస్టమిన్ మొదలైన రసాయనములను ఒక్కుమ్మడిగా విడుచుటచేత, రక్తనాళములు సడలి రక్తపోటు పడిపోవును, ఊపిరిగొట్టములు బిగిసిపోవును, కంఠము వాచి మూసికొనిపోవును. అవిల్ అడ్డగించునది హిస్టమిన్ ఒక్కదానినే. కనుక దురద తగ్గును, దద్దుర్లు అణగును, ఇంటివారికి ధైర్యము కలుగును, కాని పడిపోవుచున్న రక్తపోటు పడిపోవుచునే యుండును. పైగా ఆ మందు మత్తు కలిగించును గనుక, పిల్లవాడు నిద్రించుచున్నాడో, స్పృహ తప్పుచున్నాడో తెలియదు. డెక్సా పనిచేయుటకు గంటలు పట్టును. వ్యాధి అంతవరకు వేచియుండదు. అడ్రినలిన్ మాత్రము నిమిషములలో రక్తనాళములను బిగించి, ఊపిరిగొట్టములను సడలించి, కంఠపు వాపును తగ్గించును. ఈ మూడు పనులను తానొక్కటే చేయు మందు మరియొకటి లేదు.

గుండె ఆగినవారికి అడ్రినలిన్ ఇత్తురన్న మాట సగము నిజమగుటచేతనే ఇంతగా నాటుకొన్నది. అచట దానిని నరములోనికి ఎక్కింతురు. అలెర్జీలో తొడ వెలుపలిభాగపు కండరములో, కిలో బరువునకు 0.01 మిల్లీగ్రాము చొప్పున, అనగా 20 కిలోల పిల్లవానికి 0.2 మిల్లీగ్రాము మాత్రమే వేయుదురు. చేతులు వణకుట, ముఖము పాలిపోవుట, గుండె దడదడలాడుట కొంతసేపు కనబడి తగ్గిపోవును. ఈ వ్యాధిలో పిల్లలు మరణించుటకు ముఖ్యకారణములలో ఒకటి ఆ సూదిని ఆలస్యముగా వేయుట. టీకాలు వేయు ఏ.ఎన్.ఎం. కిట్టులో అడ్రినలిన్ ఉండును. అత్యవసరమున ఒక మోతాదు వేసి ఆసుపత్రికి పంపుటకు ప్రభుత్వ మార్గదర్శకములు ఆమెకు అనుమతి నిచ్చినవి. ఏ.ఎన్.ఎం. చేతికి నమ్మి యిచ్చిన మందును చూచి పెద్దాసుపత్రిలో వణకుట ఏమి వివేకమో!

దద్దుర్లు లేవు గనుక అలెర్జీ కాదనునది రెండవ అపోహ. గనికార్మికుల ఇండ్లలో ఈ మాట వినబడుట మరింత వింత. ప్రాణము తీయు కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదని ఎరిగినవారు, వాసన రాలేదు గదా యని గనిలో నిశ్చింతగా నిలుతురా? తిన్న లేక కుట్టిన కొన్ని నిమిషములు మొదలుకొని రెండు గంటలలోపల ఊపిరిలో పిల్లికూతలు, తెరపి లేని దగ్గు, గొంతు మారుట, నాలుక వాచుట, మరల మరల వాంతులు, పాలిపోయి సొమ్మసిల్లుట కనబడినచో, చర్మము నున్నగా ఉన్నను అనుమానింపవలెను. మాటలు రాని శిశువు ఏడ్చి ఏడ్చి ఉన్నట్టుండి మెత్తబడిన, నిద్రపోయినదని సంతోషింపరాదు.

మొన్న తిన్నపుడు ఏమియు కాలేదను వాదమునకు 1902లోనే సమాధానము దొరికినది. షార్ల్ రిషే, పోల్ పోర్తియే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు సముద్రజీవి విషమును కుక్కలకు ఎక్కింపగా, మొదటిసారి తట్టుకొన్న కుక్క కొన్ని వారముల తరువాత స్వల్పమోతాదునకే నిమిషములలో చచ్చినది. ఈ పరిశోధనకే 1913లో రిషేకు నోబెల్ బహుమతి లభించినది.

ఇక మిగిలిన అపోహలు. గొంగడి కప్పిన వేడి పుట్టి దురద హెచ్చునే గాని తగ్గదు. వాచిన గొంతులో పసుపునీళ్లు, పసరు పోయుట ఊపిరికి అడ్డము. గ్రుడ్డు పడని పిల్లలకు తట్టు టీకా వేయరాదనుట శుద్ధాబద్ధము. దిష్టి తీయదలచినవారు ఆసుపత్రినుండి వచ్చిన తరువాత తీరికగా తీయవచ్చును. 2019 మార్చిలో హైదరాబాదు నాంపల్లిలో శిశువులు మరణింపగా లోకము టీకా వికటించినదనెను. తేలినదేమనగా, పారాసిటమాల్ బదులు ట్రమడాల్ మాత్రలు పంచిరి. టీకావలన నిజముగా తీవ్రమైన అలెర్జీ కలుగుట పదిలక్షల మోతాదులకు ఇంచుమించు ఒకటి. దానికొరకే అరగంట కూర్చుండుమందురు, కూర్చుండుడు.

బొగ్గుధూళియే అన్నిటికిని మూలమను మాటకు మాత్రము, ఇష్టము లేకున్నను, కొంత చోటీయక తప్పదు. ఓపెన్‌కాస్టు ధూళి పల్లీలవలె, రొయ్యలవలె ఇట్టి అలెర్జీని పుట్టించు పదార్థము కాదు. కాని అది ఊపిరిగొట్టములను రేపి ఉబ్బసమును ముదిరించును, అదుపు తప్పిన ఉబ్బసమున్న పిల్లలకు అలెర్జీ వచ్చినపుడు ప్రాణాపాయము హెచ్చు. కనుక ధూళిని తిట్టుచు కూర్చుండక, వైద్యుడిచ్చిన ఇన్‌హేలరును క్రమముగా వాడించుడు.

ఆపద వచ్చినపుడు పిల్లవానిని నడిపింపక, వెల్లకిల పరుండబెట్టి కాళ్లు ఎత్తియుంచుడు, ఊపిరాడనిచో కూర్చుండనిండు, వాంతి అగుచున్నచో ప్రక్కకు త్రిప్పుడు. 108కు ఫోను చేసి, అలెర్జీ యని, ఊపిరాడుట లేదని విడమరచి చెప్పుడు. ఐదు నిమిషములకు గుణము కనబడకున్న అడ్రినలిన్ రెండవ మోతాదు వేయుదురు, బెదరకుడు. తేరుకొన్నాడని వెంటనే ఇంటికి తేకుడు. కొందరిలో గంటల తరువాత వ్యాధి తిరుగబెట్టును. విదేశములలో వాడు పెన్ను సూది మన మందులదుకాణములలో సులభముగా దొరకదు గనుక, ఇంటిలో ఏమి ఉంచుకొనవలెనో, ఎట్లు వేయవలెనో వైద్యుని అడిగి నేర్చుకొనుడు. పడని పదార్థమేదో బడిలో పంతులమ్మకు వ్రాసి యిండు.

సింగరేణి ఆసుపత్రి యైనను, ప్రభుత్వ ఆసుపత్రి యైనను, లోపల అడుగుపెట్టినపుడు మీరడుగవలసినది ఒక్కటే: "అడ్రినలిన్ వేసిన్రా సారూ?" వేయకున్న వేయుమనుడు, అవిల్ ఆ తరువాత వేయవచ్చును.