రెట్టింపు పందెం - పలక మీద లెక్క

గిద్దలూరు చుట్టుపక్కల పల్లెల్లో మిరప, కంది అమ్మిన డబ్బు ఏడాదికి ఒకసారే చేతికి వస్తుంది. డబ్బున్న చోటికి జూదం కూడా నడిచి వస్తుంది. మట్కా, లోపల-బయట, పేకాట. ఇప్పుడైతే సెల్‌ఫోనులో ఆటలు.

జూదం ఆడేవాళ్లు ఒక ఉపాయం చెబుతారు. "పోతే రెట్టింపు కాయి. మళ్లీ పోతే మళ్లీ రెట్టింపు. ఎప్పుడో ఒకసారి గెలవక తప్పదు. పోయిందంతా తిరిగి వస్తుంది, పైన లాభం." వినడానికి బాగానే ఉంది. నిజమేనా? మార్కాపురం పలకలకు పేరు. ఒక పలక తీసుకుని లెక్క వేస్తే తేలిపోతుంది.

బొమ్మా బొరుసా

రూపాయి బిళ్ల ఎగరేసే ఆట అనుకుందాం. మొదట 10 రూపాయలు కాశారు. పోయింది. తర్వాత 20, 40, 80, 160, 320. ఆరుసార్లూ పోయాయి. కూడితే 630 రూపాయలు. ఏడోసారి 640 కాయాలి. గెలిస్తే చేతికి మిగిలేది ఎంత? 10 రూపాయలే!

ఆరుసార్లు వరుసగా పోతుందా? పోతుంది. సగటున 64 సార్లలో ఒకసారి అట్లా జరుగుతుంది. మిగిలిన 63 సార్లు 10 చొప్పున వచ్చేది 630. ఆ ఒక్కసారి పోయేదీ 630. లాభం సున్నా. చేతిలో ఎక్కువ డబ్బు ఉంటే ఇంకొన్నిసార్లు కాయొచ్చు. కానీ అప్పుడు పోయేది కూడా అంత పెద్దదే.

"ఇన్నిసార్లు బొమ్మ పడింది, ఇక బొరుసే పడాలి" అంటారు కొందరు. బిళ్లకు జ్ఞాపకం ఉండదు. ప్రతిసారీ అది కొత్త ఆటే. 1913లో యూరప్‌లోని మాంటీకార్లో జూదశాలలో చక్రం మీద నలుపు రంగు వరుసగా 26 సార్లు వచ్చింది. ఇక ఎరుపే వస్తుందని కాసినవాళ్లు ఎంతో డబ్బు పోగొట్టుకున్నారు.

నడిపేవాడి వాటా

బొమ్మా బొరుసులో లాభం సున్నా. నడిపేవాడు ఉన్న ఆటలో అదీ లేదు. మట్కాలో సున్నా నుంచి తొమ్మిది దాకా పది నంబర్లు. పదిమంది తలా ఒక నంబరు మీద 10 రూపాయలు కాస్తే 100 రూపాయలు. నంబరు తగిలినవాళ్లకు మామూలుగా ఇచ్చేది రూపాయికి తొమ్మిది, అంటే 90. మిగిలిన 10 నడిపేవాడిది. చార్టులు చూసి కాసినా, కలలో వచ్చిన నంబరు కాసినా ఈ లెక్క మారదు. గోవా కాసినోల్లో తిరిగే చక్రం కూడా ఇంతే. 18 ఎరుపు గళ్లు, 18 నలుపు గళ్లు, వాటితోపాటు ఒక సున్నా గడి. ఆ సున్నాయే యజమానికి తిండి పెడుతుంది.

భారతంలో ధర్మరాజు చేసిందీ ఇదే. పోయినకొద్దీ పందెం పెంచాడు. చివరికి ద్రౌపదిని ఒడ్డాడు. ఈనాడు ఇళ్లలో ఒడ్డేది పుస్తెలతాడు, పొదుపు సంఘం అప్పు.

చట్టం ఏమంటుంది?

1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం ప్రకారం జూదం నడపడం, జూదశాలలో ఆడడం రెండూ నేరాలే. 2020లో రాష్ట్రం ఆన్‌లైన్ జూదాన్ని కూడా ఈ చట్టంలో చేర్చింది. 2025లో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతా నిషేధిస్తూ చట్టం చేసింది.

ఇంకో మాట. పందెంలో గెలిచినవాడు ఆ డబ్బు కోసం కోర్టులో దావా వేస్తే చెల్లదు. 1872 కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ఈ మాట చెబుతోంది. కానీ అప్పు తీసుకున్నట్టు నోటు రాసి సంతకం పెడితే అది వేరే సంగతి. అందుకే ఇంటికి ఎవరు కాగితం తెచ్చినా పూర్తిగా చదవాలి. చదవకుండా సంతకం చేయరాదు.

ఆడడం మానలేకపోవడం కూడా ఒక జబ్బు లాంటిదే. తిట్టినంత మాత్రాన పోదు. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు ఉచితంగా సలహా ఇస్తారు.

లెక్క చేయండి

5 రూపాయలతో మొదలుపెట్టి, రెట్టింపు చేసుకుంటూ ఎనిమిదిసార్లు కాశారు. అన్నీ పోయాయి. మొత్తం ఎంత పోయింది? తొమ్మిదోసారి గెలిస్తే మిగిలేది ఎంత?

జవాబు: పోయింది 1,275 రూపాయలు. గెలిస్తే మిగిలేది 5 రూపాయలు.